పాదం చెప్పే మాట



కిందటి నెల ఈ పుటలో రాగి అంబలి గురించి రాస్తూ, మాట వరసకు "తెల్లవారి పరుగు ముగించి వచ్చి చెంబెడు అంబలి తాగుతాను" అని ఒక ముక్క అన్నాను. అంబలి గురించి రెండే ఉత్తరాలు వచ్చాయి. పరుగు గురించి పదకొండు! యాభై దాటిన పెద్దమనిషికి పరుగేమిటని కొందరు ఆశ్చర్యపోయారు. ఆ పరుగు కుక్కలు తరమడం వల్లనా, వైద్యుడు తరమడం వల్లనా అని ఒకరు చమత్కరించారు. హోసూరు నుంచి ఒక సోదరి మాత్రం చమత్కారమేమీ లేకుండా ఇట్లా రాశారు: "మా అబ్బాయి యేవో పలచని బూట్లు కొన్నాడు. కింద మెత్త వుండదు, మడమ యెత్తు వుండదు. వాటితో పరుగెత్తితే మోకాళ్ళు నొప్పెట్టవట, పాదాలకు బలం వస్తుందట. వారం తిరక్కుండా కుంటుతున్నాడు. మానమంటే మా మాట వినడు. మీరైనా చెప్పండి."

అమ్మా, మీ అబ్బాయికి చెప్పడానికి నాకంటె తగినవాడు దొరకడు. యెందుకంటే, కిందటి యేడు సరిగ్గా ఈ రోజుల్లోనే నేనూ అవే బూట్లు కొని, అట్లాగే కుంటాను.

మా బెంగుళూరులో వసంతం కాస్త తొందరగానే వస్తుంది. సంక్రాంతి వెళ్ళి పదిహేను రోజులు గడిస్తే చాలు, తెల్లవారుజాము చలిలో పదును తగ్గుతుంది. కబ్బన్ పార్కులో టబెబూయా చెట్లు ఆకులన్నీ రాల్చుకుని గులాబిరంగు పూలతో నిండిపోతాయి. ఉగాది దగ్గర పడేసరికి కానుగ చెట్టు లేతాకు తొడుగుతుంది. లాల్‌బాగులో కోకిల మనకంటె ముందే లేచి కూర్చుంటుంది. ఈ ఊళ్ళో 2008లో మొదలైన పది కిలోమీటర్ల పెద్ద పరుగు యెండాకాలంలో వస్తుంది గనుక, నావంటి వాళ్ళంతా మాఘ ఫాల్గుణాల్లో కాళ్ళు సవరించుకుంటాము. గెలవాలని కాదు. గెలిచేవాళ్ళు కాఫీ తాగి ఇంటికి వెళ్ళిపోయే వేళకు మేము ఇంకా దారిలోనే వుంటాము. ఆ గీత దాటడమే మా గెలుపు.

కిందటి మాఘంలో, ఆ సన్నాహంలో భాగంగా, ఆ బూట్లు తెప్పించాను. యేడు వేల చిల్లర పోశాను. పొట్లం విప్పుతుంటే మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఒక బూటు తీసి అటూ ఇటూ తిప్పింది, చాపలాగా చుట్టచుట్టింది, మళ్ళీ విప్పింది.

"ఇందులో యేముందిరా?" అంది.

"యేమీ లేదమ్మా. అదే దాని గొప్ప. ఉత్త కాళ్ళతో పరుగెత్తినట్టే వుంటుంది."

"ఉత్త కాళ్ళు నీకు దేవుడు వూరికే ఇచ్చాడు గదరా! వాటికి యేడువేలా?"

నేను నవ్వి వూరుకున్నాను. అయితే ఆమె మాటలో వున్న ప్రశ్న మాత్రం చాలా పెద్దది. ప్రపంచంలో పరుగు శాస్త్రజ్ఞులు పదిహేనేళ్ళకు పైగా తర్జనభర్జన పడుతున్నది దాని మీదే.

సంగతి ఇది. మామూలు పరుగు బూటుకు మడమ కింద మందమైన మెత్త వుంటుంది. ముందరి వేళ్ళకంటె మడమ పది పన్నెండు మిల్లీమీటర్లు యెత్తుగా వుండడం వాడుక. 1970ల నుంచి ఈ మెత్త బూట్లు పెరుగుతూ వచ్చాయి. మినిమలిస్ట్ బూట్లని పిలిచే ఈ కొత్తరకం దీనికి తలకిందులు. పలచని అట్ట, మడమకూ వేళ్ళకూ ఒకే యెత్తు, వేళ్ళు విచ్చుకోవడానికి చోటు. గాజుపెంకు, ముల్లు గుచ్చుకోకుండా అడ్డుపడడం తప్ప ఇంకే ఉపకారమూ చేయని బూటన్నమాట.

2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ అనే అమెరికా రచయిత "బార్న్ టు రన్" అనే పుస్తకం రాశాడు. మెక్సికోలో చివావా రాష్ట్రపు లోయల్లో వుండే రరామురి అనే కొండజాతివాళ్ళు పలచని చెప్పులతో మైళ్ళకు మైళ్ళు పరుగెత్తుతారని ఆయన వర్ణించేసరికి ప్రపంచంలో సగంమంది పరుగువీరులు తమ బూట్ల వంక అనుమానంగా చూడసాగారు. మరుసటి యేడు, 2010 జనవరిలో, హార్వర్డు విశ్వవిద్యాలయంలో మానవ పరిణామాన్ని పరిశోధించే డేనియల్ లీబర్‌మన్, ఆయన సహచరులు "నేచర్" పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. చిన్ననాటి నుంచి ఉత్త కాళ్ళతో పరుగెత్తేవాళ్ళు చాలావరకు పాదం ముందు భాగాన్ని మోపి దిగుతారు. మెత్త బూట్లవాళ్ళు మడమ మోపి దిగుతారు. మడమ మోపినప్పుడు ఒక్కసారిగా కాలిలోకి యెగదన్నే దెబ్బ, ముందు పాదంతో దిగినప్పుడు దాదాపు వుండదు. ఇదీ వారు కొలిచి చూపినది. దెబ్బ తక్కువ గనుక గాయాలూ తక్కువని ఆ వ్యాసం తేల్చలేదు. కాని చదివినవాళ్ళు తామే తేల్చేసుకున్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

రరామురివాళ్ళ చెప్పుల గురించి చదువుతున్నప్పుడు నాకు గుండె ఝల్లుమన్న చోటు ఒకటుంది. ఆ చెప్పుల అట్ట పాత మోటారు టైరు ముక్క! ముళబాగిలు పక్క పల్లెలో మా తాత జీవితమంతా తొడిగినవి టైరు చెప్పులే. దుక్కికి అవే, సంతకు అవే. తిరుపతికి బయలుదేరినా అవే, గుడి మెట్ల దగ్గర విడిచి వెళ్ళి, తిరిగి వచ్చి తొడుక్కునేవాడు. యెవరూ వాటిని యెత్తుకుపోరు గనుక ఆయనకు మనశ్శాంతిగా దర్శనం అయ్యేది. మడమకు యెత్తు లేదు, మెత్త లేదు. అంటే మా తాత మినిమలిస్ట్ అన్నమాట! ఆ మాట చెబితే మా అమ్మ, "మినిమలిస్టు కాదురా, డబ్బు లేక" అంది. అదీ నిజమే. లేమి వల్ల తొడిగినదానికీ, ముచ్చటపడి తొడిగినదానికీ చాలా దూరం వుంది. ఆ దూరం మరిచిపోయి మాట్లాడితే తాతకు అన్యాయం చేసినట్టే.

ఉత్త కాళ్ళ పరుగు గురించి యెవరు మాట్లాడినా అబెబె బికిలాను తలుచుకోక తప్పదు. 1960 సెప్టెంబరు 10న రోము ఒలింపిక్సులో, ఇతియోపియా చక్రవర్తి అంగరక్షక దళానికి చెందిన ఈ సైనికుడు, తెచ్చిన బూట్లు కాళ్ళకు సుఖంగా అమరక, ఉత్త పాదాలతోనే మారథాన్ పరుగెత్తాడు. 42 కిలోమీటర్ల చిల్లర దూరాన్ని 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో ముగించి బంగారు పతకం గెలిచాడు. అంతవరకు యెవరూ అంత వేగంగా మారథాన్ ముగించలేదు. ఆ కథ అందరూ చెబుతారు. దాని రెండో సగం చెప్పేవాళ్ళు తక్కువ. నాలుగేళ్ళ తర్వాత, 1964లో, టోక్యోలో ఆయనే మళ్ళీ గెలిచాడు. అదీ అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాలకే. ఈసారి కాలం 2 గంటల 12 నిమిషాల చిల్లర. కాళ్ళకు బూట్లున్నాయి! ఉత్త కాళ్ళ వీరుడే బూట్లు తొడిగి ఇంకా వేగంగా పరుగెత్తాడు. ఆయనకు కావలసింది గెలుపు, వాదం కాదు.

మన దేశంలోనూ ఇట్లాంటి పాఠం ఒకటి వుంది. 1952లో హెల్సింకి ఒలింపిక్సుకు వెళ్ళిన మన ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం. మన ఆటగాళ్ళలో చాలామందికి బూట్లు లేకుండా ఆడడమే అలవాటు. అక్కడి చలిలో, తడి నేల మీద, యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాత మన ఆటలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. అదే రహీంగారి శిక్షణలో, 1956లో మెల్‌బోర్నులో, మన జట్టు నాలుగో స్థానానికి వచ్చింది. నేల మారితే కాలికి కావలసినదీ మారుతుంది. పంతం పనికిరాదు.

ఇదంతా ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. కిందటి యేడు మాత్రం బికిలా కథలో మొదటి సగమే నా చెవిలో మోగుతూ వుండేది. బూట్లు వచ్చిన మర్నాడే లాల్‌బాగుకు వెళ్ళాను. అక్కడి రాతిగుట్ట మూడు వందల కోట్ల యేళ్ళ నాటిదంటారు. నాలుగు మిల్లీమీటర్ల అట్టలోంచి ఆ రాయి నా అరికాలికి తెలిసింది. రాలిన ఆకు తెలిసింది, గులకరాయి తెలిసింది, మట్టిలో తడి కూడా తెలిసింది. యాభై యేళ్ళుగా నా పాదాలు మేజోళ్ళలో, తోలుపెట్టెల్లో నిద్రపోతున్నాయనీ, ఆ పూట లేచాయనీ అనిపించింది. అతిశయోక్తి అనుకోకండి. తొడుక్కున్న ప్రతివాళ్ళకూ మొదటి రోజు ఇట్లాగే వుంటుంది. ప్రమాదం ఆ ఆనందంలోనే వుంది.

మొదటి వారం నాలుగు రోజులు పరుగెత్తాను. పిక్కలు రాళ్ళయ్యాయి. "కొత్త గదా" అనుకున్నాను. రెండో వారం మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చింది. "బలం వస్తోంది" అనుకున్నాను. నాలుగో వారంలో యెడమ పాదం మీద, రెండో వేలికి పైన, వేలు పెట్టి చూపగలిగినంత చోట ఒక సన్నని నొప్పి మొదలైంది. "రాయి గుచ్చుకుని వుంటుంది" అనుకున్నాను. అయిదో వారం ఆదివారం యెనిమిది కిలోమీటర్లు పరుగెత్తి ఇంటికి వచ్చి, గడప దాటలేక అక్కడే కూలబడ్డాను.

వైద్యుడు చూసి, పాదపు పొడుగు ఎముకకు అలుపు గాయమన్నాడు. అంటే ఒక్క దెబ్బకు విరిగినది కాదు, వేల చిన్న దెబ్బలకు డస్సిపోయినది. ఆయన చెప్పిన వివరం నాకు బాగా పట్టుబడింది. ఎముక కట్టెవంటిది కాదు, ప్రాణమున్న వస్తువు. కొత్త బరువు మీద పడితే అది ముందు పాతదాన్ని తొలుచుకుంటుంది, తర్వాత గట్టిదాన్ని పోసుకుంటుంది. గోడ మరమ్మత్తుకు మేస్త్రీ ముందు పాత గారను రాల్చినట్టు. ఆ రాల్చడానికీ, పూయడానికీ మధ్య గోడ బలహీనంగా వుంటుంది. ఆ మధ్యకాలంలో మనం రోజూ బరువు పెంచుకుంటూ పోతే గోడ నిలవదు. కండరాలు కొన్ని వారాల్లో కొత్త పనికి అలవాటు పడతాయి. ఎముకలకూ నరంబట్టలకూ నెలలు కావాలి. కండరం "సరే" అన్నంత మాత్రాన ఎముక కూడా ఒప్పుకున్నట్టు కాదు.

నేనొక్కణ్ణే తెలివితక్కువవాణ్ణేమో అనుకుంటే, తోడున్నారని తర్వాత తెలిసింది. అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంవారు 36 మంది అలవాటున్న పరుగువాళ్ళను పది వారాలు గమనించి 2013లో ఫలితాలు ప్రకటించారు. పలచని బూట్లకు మారిన 19 మందిలో పదిమందికి పాదపు ఎముక మజ్జలో వాపు పెరిగింది. మామూలు బూట్లవాళ్ళలో ఆ సంఖ్య చాలా తక్కువ. వేలికి వేరేగా జేబు వుండే బూట్లు చేసే వైబ్రమ్ అనే కంపెనీ మీద, తమ బూట్లు పాదాలకు బలమిస్తాయనీ గాయాలు తగ్గిస్తాయనీ ఆధారం లేకుండా ప్రకటించుకున్నదని అమెరికాలో దావా పడితే, తమ తప్పేమీ లేదంటూనే, కొన్నవారికి తిరిగి చెల్లించడానికి 2014లో 37 లక్షల 50 వేల డాలర్లు కేటాయించి రాజీ పడింది. ఆ తర్వాత గాలి యెదురు తిరిగింది. 2017 నుంచి మందమైన నురగ అడుగూ, లోపల కార్బన్ పలకా వున్న బూట్ల రాజ్యం వచ్చింది. చివరకు ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో అడ్డుపడి, రోడ్డు పరుగు బూటు అడుగు 40 మిల్లీమీటర్లకు మించకూడదని నియమం పెట్టవలసి వచ్చింది. పదేళ్ళ కింద కాగితమంత పలచనే స్వర్గమన్నారు. తర్వాత పరుపంత మందమే స్వర్గమన్నారు. మన కాళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అవే కాళ్ళు.

నేను ఆ వేసవి పరుగు పోగొట్టుకున్నాను. రెండు నెలలు నడక కూడా కొలిచి నడవాలి. అప్పుడు ఇంట్లో కూర్చున్నందువల్ల నాకు తెలిసి వచ్చిన సంగతి చెప్పడానికే అసలు ఈ వ్యాసం.

మా నాయనకు డెబ్భైయెనిమిదేళ్ళు. ముప్పై యేళ్ళుగా చక్కెర జబ్బు. ఆయన కూడా గుడికి ఉత్త కాళ్ళతోనే నడిచి వెళ్ళేవాడు. నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆయన గుడి నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని పత్రిక చదువుకుంటున్నాడు. మా అమ్మ వాకిట్లోంచి కుర్చీ దాకా నేల మీద యెర్రని మచ్చలు చూసి కేక పెట్టింది. ఆయన కాలిలో గాజుపెంకు దిగి వుంది. ఆయనకు తెలియదు! "యేమైందే?" అని ఆమెనే అడిగాడు. ఆ పుండు మానలేదు. మూడు నెలల తర్వాత ఒక వేలు తీసేశారు.

ఆ జబ్బు పాతబడితే అరికాళ్ళలోని నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, వేసవి మధ్యాహ్నం గుడి ప్రాకారంలోని బండరాయి కాల్చినా, కాలు ఇంటికి కబురు పంపదు. వైద్యులు దీనిని కనిపెట్టడానికి ఒక నైలాను దారాన్ని వాడతారు. అది వంగేటప్పుడు పది గ్రాముల వత్తిడి పెడుతుంది. కళ్ళు మూసుకోమని, పాదం మీద అక్కడక్కడ ఆ దారం ఆనించి, "తెలిసిందా?" అని అడుగుతారు. మా నాయనకు ఆ పరీక్ష చేస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. దారం వంగుతోంది. ఆయన ముఖంలో చలనం లేదు. మళ్ళీ ఆనించారు. "ఇంకా మొదలు పెట్టలేదా డాక్టరుగారూ?" అన్నాడు మా నాయన. ఆ మాట నేను మరిచిపోలేను.

కాలు కట్టుతో పడుకున్న వేసవిలో, ఒక సాయంత్రం, మా నాయన పాదాలు రోజూ చూసినట్టే చూస్తున్నాను. వేళ్ళ మధ్య తడి, మడమల పగుళ్ళు, గోరుమూలలు. ఆయన నా కట్టు వంక చూసి అడిగాడు:

"నొప్పి యెన్నాళ్ళ ముందు తెలిసింది?"

"పదిహేను రోజుల ముందే తెలిసింది నాయనా."

"తెలిసీ పరుగెత్తావా?"

నేను మాట్లాడలేదు.

"నా కాలు నాతో మాట్లాడడం మానేసి చాలా యేళ్ళయింది. నీ కాలు గొంతు చించుకుని చెబుతుంటే నువ్వు చెవులు మూసుకున్నావు. మన ఇద్దరికీ తేడా యేముందిరా?"

కోపంగా అన్న మాట కాదు. అందుకే అది ఇంకా తగిలింది. నేను పరుగు మొదలు పెట్టినదే ఆ జబ్బుకు భయపడి. యేటా పరీక్ష చేయించుకుంటాను; ఇంతవరకు గీత ఇవతలే వున్నాను, అయితే గీతకు దగ్గరగా వున్నాను. నా పాదాలకు ఆ దారం ఇంకా తెలుస్తుంది. నేను యేడు వేలు పోసి కొన్నది బూట్లను కాదు, ఆ తెలివిడిని. కొని, దాని నోరు నేనే మూశాను.

అందుచేత ఈ యేడు మరో విధంగా మొదలు పెట్టాను. హోసూరు సోదరి కుమారుడి కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

కార్తీకమాసంలో ఆ బూట్లు బయటకు తీశాను, పరుగుకు కాదు. ఇంట్లో, మేడ మీద, కూరగాయల అంగడికి నడవడానికి మాత్రమే. రోజుకు అరగంట. దానితోపాటు రెండు కసరత్తులు. మెట్టు అంచున నిలబడి మడమలను మెల్లగా యెత్తి దించడం ఒకటి. నేల మీద పరచిన తుండుగుడ్డను కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోవడం రెండవది. రెండోదానికి మా అమ్మాయి నవ్వి, తర్వాత తానూ చేసి చూసి, నాకంటె బాగా చేసింది.

పుష్యంలో వారానికి ఒక్కరోజు, ఒక్క కిలోమీటరు. అంతే. ఒక కిలోమీటరంటే నావంటివాడికి సుమారు పన్నెండు వందల అడుగులు. ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతలు ఆ ఒంటికాలి మీద పడుతుంది. ఆ లెక్క వేసుకుంటే ఒక్క కిలోమీటరు చిన్నదేమీ కాదు. మిగతా పరుగంతా పాత మెత్త బూట్లతోనే. మాఘంలో వారానికి రెండు రోజులు, తలా రెండు కిలోమీటర్లు. ఇప్పుడు ఫాల్గుణంలో తలా మూడు. అడుగులు పొట్టిగా, వెంటవెంటనే వేయాలి. కాలిని ముందుకు చాచి మడమ మోపితే పలచని అట్ట దగ్గర క్షమాపణ వుండదు. ముందు పాదం మీదే పూర్తిగా దిగాలని పట్టుదల కూడా వద్దు. అది పిక్కలనూ మడమ వెనక నరాన్నీ చంపుతుంది. అడుగు పొట్టిదైతే పాదం తనంతట తానే సరైన చోట వాలుతుంది.

యెండ సంగతి వేరే. ఉగాది దాటితే యేడు గంటలకే చెమట కారుతుంది. వేడికి ఒళ్ళు అలవాటు పడడానికి పదీ పద్నాలుగు రోజులు పడుతుంది. అందుచేత ఆ రెండు వారాలూ వేగం తగ్గించి, యెండలో కొద్దిగా, మెల్లగా తిరగాలి. వచ్చాక ఉప్పు వేసిన పలచని మజ్జిగో, అంబలో తాగాలి. అంబలికి మళ్ళీ వచ్చాను, చూశారా!

అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒకటి పెట్టుకున్నాను. వేలు పెట్టి చూపగలిగిన నొప్పి యెక్కడైనా తెలిస్తే ఆ పూట అక్కడే ఆగి, నడిచి ఇంటికి రావడం. ఒళ్ళంతా అలిసినట్టుండే బడలిక వేరు, అది పనిచేసినందుకు వచ్చే కూలి. ఒక్కచోట నిలిచి పిలిచే నొప్పి వేరు, అది హెచ్చరిక. మాఘంలో ఒకసారి అట్లాగే ఆగాను. కుడి మడమ పిలిచింది. పది రోజులు ఆ బూట్లు ముట్టలేదు. పోయిందేమీ లేదు, మడమ మిగిలింది.

యెవరికి ఈ బూట్లు వద్దు? చక్కెర జబ్బు వుండి పాదాలకు స్పర్శ తగ్గినవారికి పలచని బూట్లూ వద్దు, ఉత్త కాళ్ళూ వద్దు, ఇంట్లో కూడా. వారికి మెత్తని ఎం.సి.ఆర్. అట్ట వేసిన చెప్పులు మంచివి. తొడిగే ముందు లోపల చేయి పెట్టి రాయీ రప్పా చూసుకోవాలి. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. వంగలేనివారు కింద అద్దం పెట్టుకోవాలి, లేదా పిల్లలచేత చూపించుకోవాలి. గుడిలో చెప్పులు విడవక తప్పదు గనుక, యెండ యెక్కక ముందే వెళ్ళి రావాలి. మా నాయన ఇప్పుడు ఆరు గంటలకే వెళ్ళి వస్తున్నాడు. "దేవుడు తీరిగ్గా వుండే వేళ" అంటాడు.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. ఆ బూట్లు మంచివా, చెడ్డవా? అమ్మా, అవి మంచివీ కావు, చెడ్డవీ కావు. మెత్త బూటు నేల చెప్పే మాటను చిన్నగా వినిపిస్తుంది. పలచని బూటు పెద్దగా వినిపిస్తుంది. వినే ఓపిక లేనివాడికి రెండూ ఒకటే. అతన్ని బూట్లు పారవేయమని చెప్పకండి. ముందు వైద్యుడికి చూపించి, నొప్పి పూర్తిగా పోయాక, ఆరు నెలలు గడువు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టమనండి. మీ మాట వినకపోతే ఈ పుట చేతికివ్వండి.

వేసవి పరుగుకు నేను పేరు ఇచ్చాను. ఆ రోజు యే బూట్లు తొడుగుతానని మా అమ్మాయి అడిగింది. పాత మెత్త బూట్లే. పది కిలోమీటర్ల తారురోడ్డుకు నా ఎముకలు ఇంకా సిద్ధంగా లేవు. ఆ సంగతి అవే నాకు చెప్పాయి. వచ్చే యేడు చూద్దాము. బికిలాయే టోక్యోలో బూట్లు తొడగగా లేనిది, నాకు నామోషీ యేమిటి?

ఈ మధ్య మా ఇంట్లో ఒక అలవాటు పడింది. రాత్రి భోజనాలయ్యాక నేను మా నాయన పాదాలు చూస్తాను. చూడడం అయ్యాక ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, నా పాదం తన ఒళ్ళోకి లాక్కుని, రెండో వేలి పైన ఆ పాత నొప్పి చోట బొటనవేలితో నొక్కుతాడు.

"ఈ వేళ యేం చెప్పింది?" అని అడుగుతాడు.

"యేమీ చెప్పలేదు నాయనా."

"సరిగ్గా విన్నావా?" అంటాడు.

ఆయనకు జవాబు చెప్పడానికి నేను రోజూ సరిగ్గా వినవలసి వస్తోంది. వచ్చే నెల కొత్త ఆవకాయ కబుర్లతో కలుసుకుందాము. అంతవరకు సెలవు.